వహీదా రెహమాన్ జీవితం, నటన, నాట్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

వహీదా రెహమాన్ తెలుగావిడేనా? హైదరాబాదులో పుట్టారని చాలాచోట్ల రాస్తారు కదా?

రెండూ నిజం కావు. 1938 ఫిబ్రవరి 3న తమిళనాడులోని చెంగల్పట్టులో, ఇంట్లో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబంలో పుట్టారు. నలుగురు అక్కచెల్లెళ్లలో ఆఖరిది. తండ్రి మహమ్మద్ అబ్దుర్ రెహమాన్ అప్పటి మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వాధికారి. ఆయన ఉద్యోగరీత్యా బదిలీల మీద ఊళ్లు మారుతూ విశాఖపట్నం కూడా వచ్చారు. ఆమె చదువు కొంతకాలం అక్కడే సాగింది. తెలుగు, తమిళం ఆమెకు అలా అబ్బాయి.

హైదరాబాదు పొరపాటుకు కారణం ఉంది. హిందీ దర్శకుడు, నటుడు గురుదత్ ఆమె పేరు మొదట విన్నది హైదరాబాదులోనే. ఆ విషయం కాస్తా చేతులు మారి పుట్టిన ఊరైపోయింది.

నాట్యం ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

మద్రాసులో తిరుచెందూర్ మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర భరతనాట్యం నేర్చుకున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త. రుక్మిణీదేవి అరండేల్‌కు నేర్పిన పందనల్లూర్ మీనాక్షిసుందరం పిళ్లై వేరు, ఈయన వేరు. పేరు ఒకటే కావడంతో వహీదాను పందనల్లూర్ బాణీలో కలిపేసేవాళ్లు ఉన్నారు. ఊరి పేరు చూసుకుని రాస్తే ఈ తప్పు రాదు.

ముస్లిం పిల్లకు నేర్పడానికి గురువుగారు మొదట ఇష్టపడలేదని, జాతకం తెమ్మన్నారని, ఇంట్లో జాతకం లేకపోతే పుట్టిన వివరాలడిగి ఆయనే వేసుకున్నారని, అది చూశాకే ఒప్పుకున్నారని వహీదా స్వయంగా చెప్పారు. ఆమె నాట్యజీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలా ఉపయోగపడుతుంది. 1940లలో ఒక ముస్లిం అధికారి తన కూతుళ్లకు భరతనాట్యం నేర్పించడం చిన్న నిర్ణయం కాదు. బంధువులు తప్పుబట్టినా ఆ తండ్రి వెనక్కి తగ్గలేదు. తండ్రి త్వరగానే పోయారు. డాక్టరు కావాలనుకున్న అమ్మాయి సినిమాలవైపు రావడానికి ఇంటి పరిస్థితే కారణం.

ఆమె మొదటి సినిమా ఏది?

విడుదల లెక్కన "రోజులు మారాయి". 1955 ఏప్రిల్‌లో వచ్చింది. తాపీ చాణక్య దర్శకుడు, సారథీ వారి సి.వి. రామకృష్ణప్రసాద్ నిర్మాత. అక్కినేని నాగేశ్వరరావు, షావుకారు జానకి నాయికానాయకులు. వహీదా అందులో కథానాయిక కాదు, ఒక నాట్యానికి వచ్చారు. ఆ ఏడాదే ఎన్.టి. రామారావు సొంత సంస్థ తీసిన "జయసింహ"లో పాత్ర చేశారు. అందులో అంజలీదేవి ప్రధాన నాయిక.

తమిళంలో ఎం.జి.ఆర్, భానుమతి నటించిన "అలీబాబావుమ్ 40 తిరుడర్గళుమ్"లోనూ ఆమె నాట్యం ఉంది. అది 1956 జనవరిలో విడుదలైంది. అదే మొదటిదని చెప్పేవాళ్లు విడుదల తేదీలు సరిచూసుకోవాలి. "రోజులు మారాయి" తమిళరూపం "కాలం మారిపోచ్చు"లోనూ పొలంపాటకు ఆమే ఆడారు.

"ఏరువాకా సాగారో" పాటలో ప్రత్యేకించి ఏం చూడాలి?

"రోజులు మారాయి"లో ఆమె ఆడిన పొలంపాట ఇదే. కొసరాజు రాసిన పాట, మాస్టర్ వేణు సంగీతం, జిక్కి గొంతు. జ్యేష్ఠ పౌర్ణమినాడు దుక్కి మొదలుపెట్టే ఏరువాక సంబరం గురించి. ఈ పాటను అందరూ వినడానికి పెట్టుకుంటారు. ఒక్కసారి శబ్దం పూర్తిగా ఆపేసి చూడండి.

ఆడుతున్నది జానపద ధోరణి. అడుగు తేలిక, మలుపు వేగం, చేతులు విచ్చలవిడిగా కదిలినట్టే ఉంటాయి. కానీ నడుము పైభాగం చూస్తే తెలుస్తుంది. వెన్ను ఎక్కడా వదులు కాదు. చెయ్యి ఎటు వెళితే చూపు అటు వెళుతుంది, చూపు వెళ్లిన చోటికి మెడ వెళుతుంది. "యతో హస్తస్తతో దృష్టిః" అని నాట్యం నేర్చుకునే ప్రతి పిల్లా మొదటి ఏడాదిలోనే వల్లించే మాట ఇదే. జానపదం ఆడేటప్పుడు శాస్త్రీయ నాట్యం నేర్చినవాళ్లు చేసే సాధారణ తప్పు ఒకటుంది. ప్రతి భంగిమనూ బిగించి, ముగింపు దగ్గర బొమ్మలా ఆగిపోతారు. దాంతో పొలంలో ఉన్నట్టుండదు, రంగస్థలం మీద ఉన్నట్టుంటుంది. పదిహేడేళ్ల వహీదా ఆ తప్పు చెయ్యలేదు. ఒక కదలిక ముగిసీ ముగియకుండానే ముఖంలో తర్వాతిది మొదలవుతుంది. అందుకే ఆ ఒక్క పాటకే జనం ఆమెను గుర్తుపెట్టుకున్నారు.

ఈ పాట బాణీయే తర్వాత ఎస్.డి. బర్మన్ చేతిలో హిందీ "బంబయ్ కా బాబు" (1960) పాటగా వినిపించింది. ఆ చిత్రంలో వహీదా లేరు.

గురుదత్ కంట ఎలా పడ్డారు?

"మిస్సమ్మ" చిత్రాన్ని హిందీలో తీయవచ్చా అని చూసుకోవడానికి గురుదత్, రచయిత అబ్రార్ అల్వీ హైదరాబాదు వచ్చారు. దారిలో కారుకు గేదె అడ్డొచ్చి బండి దెబ్బతినడంతో ఊళ్లో కొన్నాళ్లు ఆగాల్సి వచ్చింది. అప్పుడే "రోజులు మారాయి"లో ఆడిన అమ్మాయి కోసం జనం ఎగబడటం గమనించారు. ఆ అమ్మాయి ఉర్దూ చక్కగా మాట్లాడుతుందని తెలియడంతో పిలిపించి మాట్లాడారు. తర్వాత బొంబాయికి కబురు వచ్చింది.

మొదటి హిందీ చిత్రం "సీఐడీ" (1956). నిర్మాత గురుదత్, దర్శకుడు రాజ్ ఖోస్లా, నాయకుడు దేవానంద్. పేరు పొడుగ్గా ఉంది, మార్చుకోమని ఖోస్లా అడిగారు. ఆ రోజుల్లో అది మామూలే. దిలీప్‌కుమార్, మధుబాల, మీనాకుమారి అందరివీ పెట్టుకున్న పేర్లే. వహీదా ఒప్పుకోలేదు. తనకు నచ్చని దుస్తులు వేసుకోననే మాటను కూడా ఒప్పందంలో చేర్పించారు. మైనరు కాబట్టి సంతకం తల్లి చేశారు. ఇంకా పేరు రాని అమ్మాయి ఇంత గట్టిగా నిలబడటం తర్వాతి యాభై ఏళ్లలో ఆమె ఎంచుకున్న పాత్రలన్నిటికీ మూలం.

నాట్యకళాకారిణి అయ్యుండి గురుదత్ చిత్రాల్లో నాట్యం అంత తక్కువగా ఎందుకుంది?

గురుదత్‌కు నాట్యం తెలియక కాదు. ఆయన నాట్యకారుడు ఉదయశంకర్ కేంద్రంలో నాట్యం నేర్చుకున్నవారు, సినిమాల్లోకి నాట్యదర్శకుడిగా వచ్చినవారు. తెలిసినవాడు కాబట్టే అడుగులు తీసేసి మిగతాది ఉంచారు.

"ప్యాసా" (1957)లో గులాబో పాట "జానే క్యా తూనే కహీ" చూడండి. గీతాదత్ గొంతు. రాత్రివేళ వీధిలో ఆమె ముందు నడుస్తుంది, నాయకుడు వెనక వస్తాడు. అంతే, ఒక్క అడవు (భరతనాట్యంలో నేర్పే అడుగుల కూర్పు) లేదు. కానీ ఆమె ఆగే ప్రతి చోటూ తాళానికి సరిపోతుంది. స్తంభం చాటున నిలబడి భుజం మీదుగా వెనక్కి చూసేటప్పుడు మొదట కళ్లు తిరుగుతాయి, ఆ తర్వాత మెడ, ఆఖరున నడుము. ఈ వరుస తారుమారైతే ఆ చూపు మామూలు చూపు అయిపోతుంది. పదంలో, అంటే అభినయం కోసం పాడే శృంగార కీర్తనలో, నాయిక వాకిలివైపు చూసే పద్ధతి ఇదే.

"కాగజ్ కే ఫూల్" (1959)లో "వక్త్ నే కియా" ఇంకో మెట్టు పైన ఉంటుంది. పెదవులు కూడా కదలవు. ఖాళీ స్టూడియోలో పైనుంచి పడే వెలుగుకడ్డీలో ఇద్దరూ నిలబడి ఉంటారు. ఆ వెలుగు కోసం ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి బయటి ఎండను అద్దాలతో లోపలికి మళ్లించారు. అంత వెలుగులో కదలకుండా నిలబడి ముఖంతో మాత్రమే పాట మొయ్యాలి. కదలకుండా నిలబడటం ఎంత కష్టమో ఆడేవాళ్లకే తెలుస్తుంది.

"గైడ్"ను ఆమె నాట్యానికి శిఖరం అంటారు. ఎందుకు?

ఆర్.కె. నారాయణ్ నవల ఆధారంగా విజయ్ ఆనంద్ తీసిన చిత్రం, 1965. వహీదా పాత్ర రోజీ, దేవదాసి కూతురు. పెళ్లితో నాట్యం మానేసిన మనిషి. భర్త మార్కో పురాతత్వవేత్త. భర్తను వదిలి, నాట్యం కోసం బయటికి వచ్చే నాయికను అప్పట్లో ప్రేక్షకులు ఒప్పుకుంటారా అని చాలామంది సందేహించారు. అలాంటి పాత్ర చేయడం దెబ్బతీస్తుందని వహీదాకు చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆమె చేశారు. ఉత్తమనటిగా ఫిలింఫేర్ అందుకున్నారు.

ఇందులో నాట్యం మూడు రకాలుగా ఉంది. మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మొదటిది పాములవాళ్ల దగ్గర ఆడేది. పాట లేదు, వాద్యం మాత్రమే. ఏళ్లతరబడి ఆపుకున్న మనిషి ఒళ్లు మరచి ఆడటం కనిపించాలి. అందుకని మొదట్లో తడబాటు ఉంటుంది, మధ్యలో వేగం పెరుగుతుంది, చివరకు కుప్పకూలుతుంది. శ్వాస మీద పట్టులేనివాళ్లు ఇలాంటిది ఆడితే మధ్యలోనే అలసట నిజంగానే ముఖంలో కనిపించి, చివరి పతనం నమ్మబుద్ధి కాదు.

రెండోది "కాంటోం సే ఖీంచ్ కే యే ఆంచల్". చిత్తోడ్ కోట గోడల మీద నడుస్తూ, పరుగెత్తుతూ సాగుతుంది. నాట్యదర్శకుడు కూర్చిన అడుగులు తక్కువే, అయినా సన్నటి గోడ అంచున వెనక్కి చూస్తూ నడవగలిగింది పాదం మీద పట్టు ఉండబట్టే. ఇక్కడ ఆమె ముఖంలో మెరిసే సంతోషం ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది.

మూడోది "పియా తోసే నైనా లాగే రే". నళిని పేరుతో పెద్ద కళాకారిణి అవుతున్న క్రమాన్ని ఒకే పాటలో చెబుతుంది. వేదికలు మారతాయి, దుస్తులు మారతాయి, పండుగలు మారతాయి. ఇది శుద్ధమైన భరతనాట్యం కాదు. సినిమా కోసం అనేక పద్ధతులు కలిపిన కూర్పు. శాస్త్రీయ నాట్యం చూడాలనుకుని వచ్చినవాళ్లు దీన్ని చూసి నిరాశపడతారు. అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) కూర్చునే లోతు, చేతులు చాచే కొలత, కళ్లతో భావం మార్చే వేగం ఎక్కడెక్కడ మెరుస్తాయో వెతుక్కుంటే మాత్రం పాట మళ్లీ మళ్లీ చూడబుద్ధేస్తుంది.

నౌటంకీ, ముజ్రా పాత్రల్లో తేడా ఎలా చూపించారు?

"తీస్రీ కసమ్" (1966)లో హీరాబాయి ఊరూరా తిరిగే నౌటంకీ (ఉత్తరాది జానపద నాటకం) నర్తకి. దూరంగా కూర్చున్న జనానికి కనిపించాలి కాబట్టి "పాన్ ఖాయే సయ్యాఁ హమారో"లో కదలిక పెద్దది, భుజాలు ముందుంటాయి. "ముఝే జీనే దో" (1963)లోని "రాత్ భీ హై కుఛ్ భీగీ భీగీ" ముజ్రా. గదిలో, నాలుగు అడుగుల దూరంలో కూర్చున్నవాళ్ల ముందు పాడేది. అక్కడ చేతులు దాదాపు భుజాలు దాటి పైకి లేవవు. చూసేవాడు ఎంత దూరంలో ఉన్నాడో లెక్కగట్టి ఆడటం ఆమె ప్రత్యేకత. ఆమె మీద వచ్చే వ్యాసాలు దీన్ని ఎందుకో పట్టించుకోవు.

నాట్యం లేని పాత్రల్లో ఏవి తప్పక చూడాలి?

"ఖామోషీ"లో నర్సు రాధ. ఆమె నటనలో ఇదే గొప్పదని మా అభిప్రాయం. సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ చిత్రం "అభిజాన్" (1962)లో గులాబీ. "రేష్మా ఔర్ షేరా" (1971)లో రేష్మా; దీనికే జాతీయ ఉత్తమనటి పురస్కారం వచ్చింది. "సాహిబ్ బీబీ ఔర్ గులామ్" (1962)లో జబా. నిజానికి ఛోటీ బహూ పాత్ర మీద ఆమెకు మనసుండేది, అది మీనాకుమారికి వెళ్లింది.

అమితాబ్ బచ్చన్‌కు భార్యగానూ తల్లిగానూ చేశారన్నది నిజమేనా?

నిజమే. "అదాలత్", "కభీ కభీ" రెండింట్లో (1976) భార్య. రెండేళ్లకే "త్రిశూల్" (1978)లో తల్లి. నలభై దాటగానే నాయికలను తల్లులుగా మార్చేసే అలవాటు పరిశ్రమది. అంతకుముందు "ఫాగున్" (1973)లో జయాబాధురికి తల్లిగా వేయడం తొందరపాటని ఆమే అన్నారు.

తెలుగులో తర్వాత ఏం చేశారు?

ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో "బంగారు కలలు" (1974), కృష్ణ తీసిన 70 ఎం.ఎం. చిత్రం "సింహాసనం" (1986), "చుక్కల్లో చంద్రుడు" (2006). వీటిలో మొదటిదానిలోనూ చివరిదానిలోనూ అక్కినేని ఉన్నారు. 1955లో ఆయన సినిమాలో ఒక పాటకు వచ్చిన అమ్మాయి 51 ఏళ్ల తర్వాత అదే నటుడితో మళ్లీ తెర మీద కనిపించింది.

దర్శకుడు తాపీ చాణక్యతోనూ ఇలాంటి ముడే ఉంది. "రాముడు భీముడు" ఆధారంగా నాగిరెడ్డి హిందీలో తీసిన "రామ్ ఔర్ శ్యామ్" (1967)కి చాణక్యే దర్శకుడు. దిలీప్‌కుమార్ సరసన నాయికల్లో ఒకరు వహీదా. పన్నెండేళ్ల కిందట తన సినిమాలో పొలంపాటకు ఆడిన అమ్మాయినే ఆయన హిందీలో నాయికగా నడిపించారు.

పెళ్లి తర్వాత సినిమాలు మానేశారా?

పూర్తిగా మానలేదు, తగ్గించారు. "షగున్" చిత్రంలో తనతో నటించిన కమల్‌జీత్‌ను (అసలు పేరు శశి రేఖీ) 1974లో పెళ్లి చేసుకుని తర్వాత బెంగళూరు శివార్లలోని పొలంలో స్థిరపడ్డారు. "లమ్హే" (1991) తర్వాత దాదాపు పదేళ్లు దూరంగా ఉన్నారు. 2000లో భర్త పోయాక ముంబై తిరిగి వెళ్లారు. "రంగ్ దే బసంతీ", "ఢిల్లీ-6" ఆ తర్వాతివి. వన్యప్రాణుల ఫొటోలు తీయడం పెద్దవయసులో పట్టుకున్న అభిరుచి.

పురస్కారాల వివరాలు ఒకచోట కావాలి.

ఫిలింఫేర్ ఉత్తమనటి రెండుసార్లు: "గైడ్", "నీల్ కమల్". జాతీయ ఉత్తమనటి: "రేష్మా ఔర్ షేరా". పద్మశ్రీ 1972, పద్మభూషణ్ 2011. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఎన్టీఆర్ జాతీయ పురస్కారం 2006 సంవత్సరానికి. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం 2021 సంవత్సరానికి ప్రకటించి, 2023 అక్టోబరులో అందజేశారు. ఈ రెండు సంవత్సరాలను కలిపేసి రాయడం వల్ల గందరగోళం వస్తోంది. ఏ సంవత్సరానికి ఇచ్చారు, ఎప్పుడు అందుకున్నారు అనేవి విడిగా రాయాలి.

ఆన్‌లైన్‌లో ఆమె పాటలు చూస్తుంటే పాదాలు కనిపించడం లేదు. మనిషి లావుగా కూడా కనిపిస్తున్నారు. ఎందుకు?

తప్పు ఆమెదీ కాదు, ఛాయాగ్రాహకుడిదీ కాదు. కాపీది.

"రోజులు మారాయి", "ప్యాసా" వంటివి దాదాపు చదరంగా ఉండే చట్రంలో, అంటే ఎత్తు 1 అయితే వెడల్పు 1.37 ఉండేలా తీసినవి. ఇప్పటి టీవీ చట్రం 1.78. ఆ తెరను నింపాలని ఎక్కించేవాళ్లు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. ఒకటి, పైనా కిందా కోసేయడం. దాదాపు నాలుగోవంతు ఎత్తు పోతుంది. నిలువెత్తు షాటులో కిందనుండేవి పాదాలే కాబట్టి మొదట అవే పోతాయి. రెండోది, బొమ్మను అడ్డంగా సాగదీయడం. వెడల్పు దాదాపు 30 శాతం పెరుగుతుంది. మనిషి లావెక్కి, ఎత్తు తగ్గినట్టు కనిపిస్తుంది, చేతుల గీత చెడిపోతుంది. గుర్తుపట్టడానికి తెర మీద గుండ్రంగా ఉండే వస్తువేదైనా చూడండి. కుంకుమబొట్టు, చక్రం, చంద్రుడు కోడిగుడ్డులా ఉంటే సాగదీసినట్టే. ఇరువైపులా నల్లటి పట్టీలున్న కాపీయే సరైనది.

"కాగజ్ కే ఫూల్" దీనికి విరుద్ధం. అది భారతదేశంలో మొదటి సినిమాస్కోప్ చిత్రం, చట్రం చాలా వెడల్పు. పాత టీవీ కాపీల్లో పక్కలు కోసేయడంతో నలభై శాతానికి పైగా బొమ్మ పోయింది. "వక్త్ నే కియా"లో ఇద్దరి మధ్య ఉన్న దూరమే అసలు విషయం. పక్కలు పోతే ఆ పాటలో అర్థమే మిగలదు. దీనికి పైనా కిందా నల్లటి పట్టీలున్న కాపీ వెతకాలి.

మరో చిక్కు వేగం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పాత వీడియో కాపీలు చాలావరకు 25కి మార్చినవి. అంటే 4 శాతం వేగం ఎక్కువ. ఎనిమిది నిమిషాల పాట దాదాపు 19 సెకన్లు తగ్గుతుంది, శ్రుతి కూడా అర స్వరం కంటే కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. ఆమె అడుగు తొందరపడినట్టు అనిపిస్తే, పాట రికార్డు నిడివితో వీడియో నిడివిని పోల్చుకోండి. ప్లేయర్‌లో వేగం 0.96కి తగ్గిస్తే సరిపోతుంది.

రంగులద్దిన కాపీలను కూడా దూరంపెట్టడం మంచిది. నలుపుతెలుపులో కాటుక గీత, కంటిపాప కదలిక స్పష్టంగా తెలుస్తాయి. రంగు పులిమినప్పుడు కళ్ల చుట్టూ ఉన్న సన్నటి నీడలే మొదట మాయమవుతాయి.

నాట్యం నేర్చుకునే పిల్లలు ఈ పాటలతో ఎలా సాధన చేయవచ్చు?

అడుగులు అలాగే దించేయడం వల్ల లాభం లేదు. ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. "జానే క్యా తూనే కహీ" పాటను మొదట శబ్దం లేకుండా చూసి, ఆమె ఎన్నిచోట్ల ఆగిందో లెక్కపెట్టండి. రెండోసారి బొమ్మ చూడకుండా విని, తాళం వేస్తూ ఆ ఆగిన చోట్లు ఎక్కడ పడ్డాయో గుర్తించండి. మూడోసారి రెండూ కలిపి చూస్తే, సమం (తాళం మొదలయ్యే దెబ్బ) మీద కాకుండా కాస్త వెనకగా ఆగిన సందర్భాలు బయటపడతాయి. ఆ తర్వాత అద్దం ముందు ఒక్క చూపు మాత్రం సాధన చేయండి: కన్ను, మెడ, నడుము అదే వరుసలో. పిల్లలు సాధారణంగా మెడను ముందు తిప్పేస్తారు. గడ్డం భుజానికి తగలకుండా ఆపి, కళ్లు పూర్తిగా పక్కకు చేరాకే మెడను వదలమనండి. పది నిమిషాలకు మించి చేయిస్తే కళ్లు లాగేస్తాయి.

మొత్తం చూడాలంటే ఏ వరుసలో మొదలుపెట్టాలి?

విడుదల వరుస పట్టుకుంటే మధ్యలో ఆగిపోతారు. ముందు "ఏరువాకా సాగారో" ఒక్క పాట. తర్వాత "ప్యాసా", ఆ వెంటనే "గైడ్". ఈ రెండింటి మధ్య ఎక్కువ రోజులు గడవకుండా చూసుకోండి, ఆపుకున్న నాట్యం, విప్పిన నాట్యం పక్కపక్కనే కనిపిస్తాయి. ఆపైన "తీస్రీ కసమ్", "ఖామోషీ". "కాగజ్ కే ఫూల్"ను మంచి కాపీ దొరికేదాకా ఆపండి. తెలుగువాళ్లు చివరగా "చుక్కల్లో చంద్రుడు" పెట్టుకుని, అందులో ఆమె అక్కినేనితో కనిపించే సన్నివేశాలు చూసి, మళ్లీ ఒకసారి మొదటి పాటకు వెళ్లండి.